వెనక్కి వెళ్లి వచ్చే చెయ్యి

మా పక్కింటి ఫోర్‌మన్ గారు పోయారు. సోమవారం పొద్దున్న బడికి బయల్దేరుతూ స్కూటీ బయటికి తీస్తుంటే, రాజమండ్రి ఆసుపత్రి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. “నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారండి, టీచర్ గారూ” అంది. అలాంటప్పుడు ఎవరైనా ఎన్నింటికి, ఎలా అని అడుగుతారు. నా నోట్లోంచి మాత్రం “చేతులు ఆగాయా అమ్మా?” అన్న మాట వచ్చింది. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. “ఆగాయండి. చాలా నిమ్మళంగా ఉన్నాయి” అంది. స్కూటీ మళ్లీ లోపల పెట్టేశాను.

శనివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరు గారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. రోజుకి ఆరు పీరియడ్లు లెక్కలు చెబుతూ గొంతు చించుకునేదాన్ని, మైకు ముందు నిలబడి “ఆయన చాలా మంచివారండి” అనేసి కూర్చున్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. మంచివారు అనే మాట ఎవరి గురించైనా అనొచ్చు. కొలత లేకుండా మాట్లాడితే ఫోర్‌మన్ గారికి అస్సలు నచ్చేది కాదు. “పెద్దదంటే ఎంత పెద్దదండి?” అని అడిగేవారు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

ధవళేశ్వరంలో కాలువల లాకుల తలుపులు బాగుచేసే సర్కారు వర్క్‌షాపులో ఆయన ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వీధంతా ఫోర్‌మన్ గారనే అనేది. నేను మాత్రం ఎదురుగా ఉంటే బాబాయ్ గారూ అనేదాన్ని, వాళ్లావిడని పిన్ని గారూ అనేదాన్ని. నాకంటే పాతికేళ్లు పెద్దవారైనా, నన్ను పిలిచేటప్పుడు ఆయన ఒక్కనాడూ ‘గారు’ వదల్లేదు. రిటైరైన ఏడాదే, మూతబడ్డ ఓ రైసుమిల్లు సామాను అమ్ముతున్నారని తెలిసి వెళ్లి, అందులోంచి పాత లేతు మిషను కొని ట్రాక్టరు మీద వేయించుకొచ్చారు. పెరట్లో రేకుల షెడ్డు వేయించి అందులో దించారు. ఇనప ముక్కనో ఇత్తడి ముక్కనో గిర్రున తిప్పుతూ, పదునైన టూలుతో చెక్కి గుండ్రంగా దింపే యంత్రం అది. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లకి లోపల తొడుగుల్లా కూర్చునే బుష్‌లు, పడవ ఇంజన్లకి షాఫ్టులు, ఎవరికీ ఎక్కడా దొరకని పాత సామాన్ల ముక్కలు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. మేం ఈ ఇంట్లోకి మారిన కొత్తలో ఆ చప్పుడంటే నాకు మహా చిరాకు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే తలలో డ్రిల్లు దింపినట్టుండేది. రెండుసార్లు తగువుకి వెళ్లాను కూడా. రెండుసార్లూ ఆయన మిషను ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, “ఎన్ని పేపర్లున్నాయండి? అయ్యాక ఓ కేకెయ్యండి” అన్నారు. మూడోసారి వెళ్లడానికి నాకే సిగ్గేసింది.

ఆయన చొక్కా జేబులో పాత కళ్లజోడు డబ్బా ఒకటి ఎప్పుడూ ఉండేది. అందులో కళ్లజోడు ఉండేది కాదు, వెంట్రుకవాసి మందాలు కొలిచే మైక్రోమీటర్ ఉండేది. కళ్లజోడు తాడుకి మెళ్లో వేలాడేది. పని అయ్యాక చేతులకి ముందు రంపపు పొట్టు రుద్ది, తర్వాత సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని గాని బైబిలు ముట్టుకునేవారు కాదు, కంచం ముందూ కూర్చునేవారు కాదు. ఆయన నోట అన్నిటికంటే పెద్ద మెప్పు “పర్లేదు”. యానాం అవతల రొయ్యల చెరువులున్న రైతొకాయన, చేసిచ్చిన బుష్ అద్భుతంగా కుదిరిందని సంబరపడి, వచ్చేప్పుడు అక్కడి నుంచి ఓ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫోర్‌మన్ గారు కళ్లజోడు పెట్టుకుని దాని మీదున్న కాయితమంతా పైనుంచి కిందికి చదివి, “ఇది నాకు పనికిరాదండి. ఈసారొచ్చేటప్పుడు మిషనాయిలు తెండి, దీనికి పోద్దాం” అని లేతుని తట్టారు. ఆ రైతు ఇప్పటికీ ఈ సంగతి చెప్పుకుని నవ్వుతాడు. కూడికలో మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాలుగేళ్ల కిందట ఆయన చేతులు వణకడం మొదలైంది. ముందు కుడి చెయ్యి, ఆర్నెల్లకి ఎడమది. డాక్టరు మందులిచ్చి, ఇది పూర్తిగా పోయేది కాదని చెప్పారట. ఒకరోజు షాఫ్టు మీద ఆఖరి కోత దగ్గర చెయ్యి అదిరి, రెండ్రోజుల పని పాడైపోయింది. అది చేయించుకుంటున్నాయన పెద్దమనిషి. “ఏం పర్లేదండి” అన్నాడు. తన నోట మెప్పుగా వచ్చే మాట అలా జాలిగా వినాల్సి రావడం ఫోర్‌మన్ గారికి దెబ్బలా తగిలిందనుకుంటాను. ఆ సాయంత్రమే షెడ్డుకి తాళం వేశారు.

తర్వాత వరండాలో కుర్చీ వేసుకుని ఆ తాళం వైపే చూస్తూ కూర్చునేవారు. ఎవరైనా వస్తే చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేవారు. పిన్ని గారు టీ ఒలకకుండా గ్లాసులో సగానికే పోసిచ్చేవారు. చప్పుడు లేని ఆ ఏడాది నాకు పేపర్లు అసలు దిద్దబుద్ధి కాలేదంటే నమ్మండి. ఒకసారి గోడ దగ్గర నిలబడి ఆయనే అన్నారు.

“కన్ను బానే ఉందండి, బుర్ర బానే ఉంది. చెయ్యొక్కటే మాట వినట్లేదు. ఆ లేతు మీద ఇంకొక్క ముక్క సరిగ్గా దింపి పోవాలనుందండి. ఒక్కటి చాలు.”

పొయ్యి మీద కూర మాడుతోందని అబద్ధమాడి లోపలికొచ్చేశాను.

ఆ తర్వాత ఓ ఆదివారం, చర్చి నుంచి వస్తూ వస్తూనే తెల్లచొక్కాతో మా ఇంటికొచ్చారు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా ముందు పెట్టారు.

“ఫోన్లో చూస్తున్నానండి చాన్నాళ్లుగా. ఇళ్లల్లో ఉన్న పాత మిషన్లకి మోటార్లు తగిలించి కంప్యూటర్‌తో నడుపుతున్నారు. కొలత మనం చెబితే చాలు, హ్యాండిలు అదే తిప్పుకుంటుంది. వణకదు కదండి అది.”

“నన్నేం చెయ్యమంటారు బాబాయ్ గారూ?”

“ఇంగ్లీషు నేనెలాగో లాగిస్తాను. లెక్కలూ, కంప్యూటరూ మీరు చూడాలి.”

“మిషన్ల సంగతి నాకేం తెలుసండి? మిక్సీలో బ్లేడు మార్చాలన్నా మా ఆయన్ని పిలుస్తాను.”

“నాకు కంప్యూటర్ తెలీదు. సరిపోయింది కదండీ” అన్నారు, అక్కడికి ఒప్పందం అయిపోయినట్టు.

అలా నేను మొదటిసారి ఆ షెడ్డులో అడుగుపెట్టాను. మొదటి వారమే నాకో పాఠం అయింది. టూలు ఎంత దూరం జరగాలో కాయితం మీద లెక్క కట్టి చూపించాను. పన్నెండు పాయింట్ మూడు నాలుగు ఏడు అని చదివాను. ఆయన విని, “ఆ చివరి ఏడుని ఎప్పుడైనా ముట్టుకున్నారాండి?” అని అడిగారు. వెటకారమేమో అనుకున్నాను. కాదు. నా తల్లోంచి ఓ వెంట్రుక తీసిమ్మన్నారు. కళ్లజోడు డబ్బాలోంచి మైక్రోమీటర్ తీసి, తన చేతులు వణుకుతాయి గనక నా చేతే పట్టించారు. “మెల్లిగా తిప్పండి. బిగించకండి. వెంట్రుక ఉన్నానని అదే చెబుతుంది, అక్కడ ఆగండి.” మిల్లీమీటరులో నూరో వంతులు ఏడు అని చూపించింది. “మీ వెంట్రుక ఇదండి. మీరు రాసిన ఆ చివరి ఏడు ఇందులో పదో వంతు. రాసేటప్పుడు గుర్తుంచుకోండి” అన్నారు.

ఇరవై రెండేళ్లుగా పిల్లలకి దశాంశాలు చెబుతున్నాను. ఒక్క దశాంశాన్ని కూడా చేత్తో పట్టుకోకుండానే చెప్పానని ఆ రోజు తెలిసింది. మర్నాడు ఆ మైక్రోమీటర్ బతిమాలి అడిగి బడికి పట్టుకెళ్లాను. ఏడో తరగతి మొత్తం తమ వెంట్రుకలు కొలిచేసింది. నల్లబల్ల మీద పట్టిక వేసుకుని, ఎవరిది లావో ఎవరిది సన్నమో అని కొట్లాడుకున్నారు. హెడ్మాస్టారి దగ్గరికి కూడా వెళ్లారు గానీ, ఆయన దగ్గర ఇవ్వడానికి అట్టే లేవు. అప్పట్నుంచి నా క్లాసులో దశాంశాలంటే ఏ పిల్లా భయపడలేదు. ఆ మేలు నాకు చేసింది ఫోర్‌మన్ గారు. ఈ మాటైనా మైకులో చెప్పి ఉండాల్సింది.

పని నాలుగు నెలలు పట్టింది, శని ఆదివారాలు మాత్రమే. టూలుని జరిపే హ్యాండిళ్లు రెండుంటాయి. ఆ రెండింటికీ పళ్ల బెల్టులతో చెరో మోటారు తగిలించాలి. ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే వెల్డింగ్ షాపతను వచ్చి చేసేవాడు. మా ఇంట్లో మూలపడ్డ కంప్యూటర్ని తెచ్చి పెట్టాం. ఇత్తడి రజను పడకుండా దాని మీద పిన్ని గారి పాత చీర ముక్క కప్పాం. నేను ఒక్కో లైనూ కొట్టేదాన్ని, ఇంత దూరం వెళ్లు, ఇంత లోపలికి రా అని. మొదటిసారి ఏ చెయ్యీ తగలకుండా హ్యాండిలు దానంతటదే తిరిగినప్పుడు, ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని, పెళ్లిచూపులకొచ్చిన మనిషిలా కాస్త దూరంగా నిలబడి చూశారు.

మొదటి పని ఆ యానాం రైతుదే. ఏరేటర్‌కి ఇత్తడి బుష్. దానికి రెండు మెట్లుంటాయి. ముందు సన్న మెట్టు, దాని వెనక లావు మెట్టు. చేశాం. సన్న మెట్టు చక్కగా కుదిరింది. లావు మెట్టు వదులుగా ఆడింది. ఇంకోటి చేశాం. మళ్లీ అంతే. అలా ఏడు బుష్‌లు చెడిపోయాయి. అన్నిటికీ సన్న మెట్టు సరిగ్గానే ఉంది, లావు మెట్టు మాత్రం కావాల్సిన దానికంటే సన్నబడింది.

“లెక్కలో ఎక్కడో పొరపాటు పడుంటుందండి, ఓసారి చూసుకోండి” అన్నారు.

“నాలుగుసార్లు చూశాను. లెక్క తప్పితే రెండు మెట్లూ తప్పాలి కదండీ? మీ మిషన్లో హ్యాండిలు తిప్పితే టూలుని జరిపే మర అరిగిపోయి ఉంటుంది.”

ఆయన మొహం మారిపోయింది. “ఇన్నేళ్లుగా దీని మీద పని దింపుతున్నానండి. మర అరిగితే నాకు తెలీకుండా ఉంటుందా?”

“లెక్క తప్పితే నాకూ తెలీకుండా ఉండదు.”

ఆ మాట అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. నా కీబోర్డు పీక్కుని ఇంటికి తెచ్చేసుకున్నాను. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, పిల్లలకి బుద్ధులు చెప్పేదాన్ని. మూడు రోజులు గోడకి అటు ఆయనా ఇటు నేనూ మొహాలు చూసుకోలేదు. ఆయన మళ్లీ వరండాలో కుర్చీ వేసుకున్నారని కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఒక్క ముక్క సరిగ్గా దింపాలన్న మనిషికి ఏడు చెడిపోయిన ముక్కలు మిగిల్చానని లోపల పీకుతూనే ఉంది. అయినా వెళ్లలేదు.

నాలుగో రోజు పిన్ని గారు గోడ మీదుగా గోంగూర అందిస్తూ మెల్లగా అన్నారు.

“నాకు మిషన్ల సంగతి తెలీదు గానీ అమ్మా, ఒక మాట చెప్పనా? ఆయన చేత్తో చేసేటప్పుడు, ఆఖర్న హ్యాండిలు ఇటు తిప్పి, కాస్త ఆగి, మళ్లీ అటు తిప్పేవారు. కిర్రుమనేది, ఆగేది, మళ్లీ కిర్రుమనేది. అది వినపడగానే నేను స్టవ్ వెలిగించి టీ పెట్టేదాన్ని. టీ మరిగేసరికి ఈయన చేతులు కడుక్కుని వచ్చేవారు. ఈ మోటార్లొచ్చాక నాకు టీ ఎప్పుడు పెట్టాలో తెలీట్లేదు. ఒక్కసారే కిర్రుమంటుంది, అంతే.”

గోంగూర గోడ మీదే వదిలేసి షెడ్డులోకి పరుగెత్తాను. ఆయన్ని పిలిచి, మోటారు బెల్టు తప్పించి, హ్యాండిలు ఆయన చేతికిచ్చాను.

“సన్న మెట్టు అయిందనుకోండి. ఇప్పుడు లావు మెట్టుకి రండి బాబాయ్ గారూ. మీరెప్పుడూ ఎలా వస్తారో అలాగే.”

చెయ్యి వణుకుతూనే ఉంది. అలా వణుకుతూనే హ్యాండిలు తిప్పి టూలుని బయటికి లాగింది. రావాల్సిన గీత దాకా వచ్చి ఆగలేదు. గీత దాటి వెనక్కి వెళ్లిపోయింది. ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ముందుకొచ్చి సరిగ్గా గీత మీద నిలబడింది. ఆయన తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు.

“నేను ఇలా చేస్తానాండి?” అన్నారు.

“ఈ షెడ్డు వేసిన దగ్గర్నుంచీ చేస్తున్నారు” అన్నారు గుమ్మంలో నిలబడ్డ పిన్ని గారు.

మర నిజంగానే అరిగింది. మరకీ నట్టుకీ మధ్య సందు పడింది. టూలుని బయటికి లాగినప్పుడు ఆ సందంత మేర అది వెనకబడిపోతుంది. లోపలికి తోస్తూ వచ్చి ఆపితే ఆ తేడా రాదు. ఆయన చేతికి ఈ సంగతి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ పాత మిషను మీదో నేర్చుకుని ఉంటుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, మర అరిగిందని ఆయనకి తెలియనివ్వకుండా రోజూ తనే సర్దుకుపోయింది. మోటారుకి మేం అన్నీ చెప్పాం, ఈ ఒక్కటి తప్ప. చెప్పడానికి మాకు తెలిస్తే కదా.

“మీ లెక్క రైటేనండి టీచర్ గారూ. నా మరే అరిగింది” అన్నారు. ఆ వయసులో, ఆ పనితనం ఉన్న మనిషి, భార్య ముందు ఎంత తేలిగ్గా అనేశారో. నేను కీబోర్డు తెచ్చి తగిలించి, “తప్పు నాదే, మూడు రోజులు రాకుండా ఉండాల్సింది కాదు” అన్నాను. నోరు విప్పి తప్పు ఒప్పుకోవడం నాకు అంతకుముందు పెద్దగా అలవాటు లేదు. ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

డయల్ గేజీ పెట్టి ఆ సందుని కొలిచాం. మిల్లీమీటరులో నూరో వంతులు పద్దెనిమిది. ఆయన సుద్దముక్కతో గోడ మీద వంకరటింకరగా 18 అని రాశారు. నేను కొత్త లైన్లు కొట్టాను, గీత దాటి వెళ్లి మళ్లీ లోపలికి రమ్మని. ఆయన వెనక నిలబడి చూస్తూ, “మధ్యలో కాస్త ఆగమని కూడా రాయండి” అన్నారు.

“ఆగక్కర్లేదండి. లెక్కకి దాంతో పని లేదు.”

“లెక్కకి కాదండి. ఆవిడ టీకి కావాలి.”

రాశాను. రెండు సెకన్లు.

ఎనిమిదో బుష్ దిగింది. ఆయనే తీసి, గుడ్డతో తుడిచి, ఆ వణికే బొటనవేలితో రైతు తెచ్చిన ఏరేటర్ ముక్కలోకి నొక్కారు. మెల్లగా, లోపలున్న గాలిని తోసుకుంటూ, రెండు మెట్లూ వెళ్లి కూర్చున్నాయి. అటూ ఇటూ కదిపి చూశారు. కదల్లేదు. “పర్లేదండి” అన్నారు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చేశాను. పిన్ని గారు కంగారులో టీ గ్లాసు నిండా పోసి తెచ్చారు. సగం ఆయన పంచె మీదే ఒలికింది, ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు.

ఒక్కటి చాలన్న మనిషి ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఎన్ని దింపారో లెక్కే లేదు. చెయ్యి వెనక్కి పెట్టుకోవడం మానేశారు. ఎవరైనా చూడ్డానికి వస్తే, “ఇది కంప్యూటర్ పనేనండి, కానీ దాని వెనక నా చెయ్యుంది, టీచర్ గారు ఎక్కించారు” అని చెప్పేవారు. నా బడి కబుర్లు కూడా వినేవారు. ఓ పిల్ల ప్రతి పరీక్షలోనూ ఒకే చోట తప్పు చేస్తోందని నేను విసుక్కుంటే, “ఒక్కోసారి ఒక్కోలా తప్పితే అజాగ్రత్తండి. ప్రతిసారీ ఒకేలా తప్పితే, మనకి తెలీని అలవాటేదో ఉంటుంది. తిట్టకండి, కొలవండి” అన్నారు. కొలిచాను. ఆ పిల్ల ఆరుని సున్నాలా రాసుకుని, తర్వాత సున్నా అనే చదువుకుంటోంది.

పోయిన నెల లేతుకి కొత్త మర వచ్చింది, ఆయనే తెప్పించారు. ఇందులో సందనేదే ఉండదు. పెట్టె మీద చెయ్యేసి, “సెలవుల్లో బిగిద్దామండి. అప్పుడిక ఆ వెనక్కెళ్లి రావడం అక్కర్లేదు, మీ లైన్లు తీసేయొచ్చు” అన్నారు. సెలవులు రాకముందే ఆయాసం వచ్చింది.

గోదావరి గట్టు పక్కన సమాధుల తోటలో ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె మూత బిగిస్తుంటే స్క్రూ ఒకటి వంకరగా ఎక్కింది. అందరూ పాట పాడుతున్నారు. నా కళ్లు ఆ స్క్రూ మీదే ఉన్నాయి. వెళ్లి బిగిస్తున్నతని చెయ్యి పట్టుకుని, “కాస్త వెనక్కి తిప్పి మళ్లీ బిగించు బాబూ” అన్నాను. అతను వింతగా చూసి, అలాగే చేశాడు.

కూడిక అయిన మర్నాడు పిన్ని గారు షెడ్డు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. “ఎవరెవరో వచ్చి మిషను అమ్ముతారా అని అడుగుతున్నారమ్మా. మీరు నడుపుతానంటే ఇవ్వను” అన్నారు. నడుపుతానన్నాను. నాకు అన్నీ రావు. కానీ కొలవడం వచ్చు, ఆగడం వచ్చు. రెండూ ఆయన నేర్పినవే. కొత్త మర పెట్టె అలాగే బల్ల మీద ఉంది. ఆయనైతే ఈపాటికి విప్పేసి బిగించేసి, పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్నానని నన్ను చూసి నవ్వేవారు. బిగిస్తాను, బాబాయ్ గారూ. అప్పుడు కూడా ఆ లైన్లు మాత్రం తీయను. లెక్కకి అక్కర్లేకపోయినా సరే.

“ఒక్కసారి వేస్తారా అమ్మా?” అని అడిగి ఆవిడ ఇంట్లోకి వెళ్లిపోయారు. చీర ముక్క తీసి కంప్యూటర్ ఆన్ చేశాను. ముక్కేమీ బిగించకుండా, ఖాళీ లేతు మీదే ఆ ఎనిమిదో బుష్ పని నడిపించాను. గోడ మీద 18 అలాగే ఉంది. సన్న మెట్టు అయింది. టూలు కిర్రుమంటూ బయటికి వచ్చి, గీత దాటి వెనక్కి వెళ్లింది. ఆగింది. మళ్లీ కిర్రుమంటూ ముందుకొచ్చి గీత మీద నిలబడింది.

వంటింట్లో స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది.